ముసుగు తొడిగిన తాత

తెలంగాణ వచ్చిన కొత్తల, భువనగిరిల మా ఇంటి మీది అర్రల కాంగో దేశపు పిలగాడు కిరాయికుండె. ఇంజనీరింగ్ చదువుతుండె. తెలుగు వచ్చీరానట్టు మాట్లాడేది. కాలేజీ పండుగకు వాళ్ళ ఊరి ముసుగు ఆట ఆడుతనన్నడు. నేను బట్టలు కుడుత గనుక ముసుగు పని నా మీద పడ్డది. అట్టపెట్టెకు గోనెగుడ్డ కుట్టి, కొబ్బరిపీచుతోటి గడ్డం పెట్టిన. నడుముకు వరిగడ్డి కట్టుకున్నడు.

వాళ్ళ దిక్కు ముసుగు తొడిగితే మనిషి కింద లెక్కగాదట. చచ్చిపోయిన పెద్దలే వచ్చి ఆడినట్టట. ఆట అయ్యేదాక మాట్లాడొద్దు, అందరి ముందు ముసుగు తీయొద్దు. ఈ సంగతంతా మా నాయినను కన్న అవ్వకు చెప్పిన.

ఒకనాడు పొద్దుగాల వాకిట్ల ఆడి చూపెట్టిండు. కాళ్ళు నేలకేసి కొడుతాంటే మా బర్రెదూడ ఎనుక నుంచి గడ్డి పీకి నములుతాంది. అవ్వ మెల్లగ లేచి వచ్చి గడ్డం పట్టి చూసింది. పోయిన మా తాతకు గట్లనే గడ్డముండె.

"నువ్వేనా?" అన్నది.

ముసుగు కాళ్ళు కొట్టుడు ఆపి నిలబడ్డది. అవ్వ దాని చెయ్యి పట్టి మంచంల కూసోబెట్టి మొదలుపెట్టింది. కొత్త పెండ్లాన్ని జాతరకు తీస్కపోయి, ఆడనే మరిచి, ఒక్కడే బండి తోలుకొచ్చిన ముచ్చట. కాకరకాయ వండిన దినం పక్కింట్ల తినొచ్చిన ముచ్చట. గురక ముచ్చట. ఒక్కోదానికి ముసుగు తలకాయ ఊపుతాంది. దూడ తినంగ తినంగ గడ్డి మోకాళ్ళ మీదికొచ్చింది. నేను కొంగు నోట్ల కుక్కుకున్న.

"తప్పయిందా, లేదా?" అని అడిగింది అవ్వ.

ముసుగు రెండు చేతులు జోడించింది. అవ్వ మొఖం ఇప్పారింది. బతికున్నప్పుడు ఒక్కనాడన్న గిట్ల ఇన్నడా అని నాతోటి అనుకుంట, లోపటికి పోయి జొన్నరొట్టె తెచ్చి చేతుల పెట్టింది. ముసుగేసుకొని తినరాదాయె. రొట్టె చంకల పెట్టుకొని ఇంటెనుకకు ఉరికిండు. దూడ గూడ ఎంట ఉరికింది.

జరసేపటికి పిలగాడు ప్యాంటు తొడుక్కొని, రొట్టె నములుకుంట, ఏమెరుగనట్టు గేటు కాడి నుంచి వచ్చిండు. అవ్వ పిలిచి, ఇప్పటిదాక యాడికి పోయినవు బిడ్డా, మా ముసలాయన వచ్చి పోయిండని చెప్పింది.

"మంచిగున్నడా?" అని అడిగిండు.

"మంచిగనే ఉన్నడు. జర పొడుగైండు" అన్నది అవ్వ.