అప్పగించని దీపం

మా కంప్యూటర్ సెక్షన్ అక్క శుక్రవారం పోయింది. క్యాంటీన్ బెంచీ మీద కూర్చున్నదల్లా ఛాతీ పట్టుకుని ఒరిగిపోయిందట. దవాఖానకు చేర్చేలోపే అంతా అయిపోయింది. ల్యాంపు రూములో ఉన్న నాకు ఆ తర్వాతే కబురొచ్చింది.

మా గనిలో దిగే ప్రతి కార్మికుడూ నా దగ్గర టోపీ దీపం తీసుకుంటాడు, పైకొచ్చాక అప్పగిస్తాడు. దీపం కొక్కేనికి రాలేదంటే మనిషి ఇంకా కిందే ఉన్నట్టు. దీపాల లెక్కకు నా దగ్గర ఒక కంప్యూటరు, హాజరుకు టైమాఫీసులో మరొకటి. వేర్వేరు కంపెనీల వాళ్ళు వేర్వేరు కాలాల్లో పెట్టిపోయారు. ఒకదాన్ని మార్చినప్పుడల్లా రెండోది దాని మాట వినడం మానేసేది. ఎడమొహం పెడమొహంగా ఉండే ఆ రెండింటినీ కలిపి నడిపించడమే అక్క ఉద్యోగం.

ఆమె పద్ధతే వేరు. ఏ మార్పు వచ్చినా తన పేరు మీద దీపం తీసుకుని, బ్యాటరీ బెల్టు చీర మీదే నడుముకు కట్టుకుని, గని దిగకుండా క్యాంటీన్లో కూర్చునేది. షిఫ్టు వాళ్ళంతా పైకొచ్చాక టైమాఫీసు తెర ఆమెను ఇంకా కిందే ఉన్నట్టు చూపించాలి. అప్పుడే ఆ మార్పుకు సరేననేది.

"అక్కా, ఇయ్యాల ఏ షిఫ్టుకు దిగుతున్నవ్?" అని ఆట పట్టించేవాళ్ళం.

"నవ్వున్రి బిడ్డా. అది నన్ను మరిస్తె ఫికర్ లేదు, నేను బెంచి మీదున్న. రేపు మిమ్ముల మరిస్తె కింద ఎవడు దేవులాడుతడు?" అనేది, లవంగం బుగ్గన పెట్టుకుని.

ఒకసారి అది నిజంగానే మరిచింది. అక్క ఆ బెల్టుతోనే పెద్ద సారు గదిలోకి పోయింది. "నేను ఇంటికి పోయిన్నట సారూ. మరి నా నడుముకున్నదేంది?" అంది. ఆ మార్పు అక్కడే ఆగిపోయింది. మా ఇళ్ళల్లో ఎందరు ఆమెకు రుణపడి ఉన్నారో ఇళ్ళవాళ్ళకే తెలియదు.

ఆదివారం ఆమెను సమాధి చేశాం. సోమవారం మధ్యాహ్నం ఆమె చెల్లెలు ఒక సంచి పట్టుకొచ్చింది. "దవాఖానల ఇచ్చిన్రు అన్నా. మీదే గదా?"

లోపల శుక్రవారం నేనే ఇచ్చి, ఆ దుఃఖంలో మరిచిపోయిన దీపం, బెల్టు. శుక్రవారం ఆమె టైమాఫీసు కొత్త ప్రోగ్రామును పరీక్షిస్తూ పోయిందని అప్పుడు తట్టింది. దీపంతోనే టైమాఫీసుకు పరుగెత్తాను. తెర మీద అక్క పేరు పక్కన, ఆ షిఫ్టు వాళ్ళందరి పేర్ల పక్కన ఒకే టైముతో ఉంది: పైకి వచ్చింది.

"షిఫ్టు టైము అయిపోంగనే అందర్ని పైకొచ్చినట్టు రాసుకుంటున్నది. దీపాన్ని చూస్తనే లేదు!" అన్నాను.

టైమాఫీసు క్లర్కు తల గోక్కున్నాడు. "అక్క వద్దనలేదు గదన్నా, శనివారం సంది ఇదే నడుస్తున్నది. కంపెనోళ్ళు రేపొస్తరట."

మాట పూర్తికాకముందే షిఫ్టు ముగిసిన సైరన్ మోగింది. ఫస్ట్ షిఫ్టు అంతా పైకి వచ్చినట్టు తెర మీద పడింది. ల్యాంపు రూముకు తిరిగొచ్చి గోడకేసి చూశాను. ఆ షిఫ్టు కొక్కేలన్నీ ఇంకా ఖాళీ. అక్క దీపాన్ని నడుముకు కట్టుకుని, గని మొగదల వైపు చూస్తూ నిలబడ్డాను.