కాజీపల్లి లొల్లి పుణెకు పోయిన వైనం

మేము పుణెకు పోయింది పోటీలో పాడడానికే అయినా, అక్కడ అసలు తేలవలసింది ఒక రేకుల షెడ్డు సంగతి. అప్పటికింకా ముత్తంగి దగ్గర ఔటర్ రింగు రోడ్డు పడలేదు. హైదరాబాదు శివారు కాజీపల్లిలో మందుల కంపెనీల వెనక మల్లేశం కాకకు ఒక వరుస కిరాయి గదులు, వాటి చివర ఒక ఖాళీ షెడ్డు ఉండేవి. ఆ షెడ్డులోనే మూడేళ్ళుగా మా బ్యాండు నడుస్తోంది. గిటారు వాయిస్తూ పాడేది శ్రీశైలం, లేత్ మిషను మీద పనిచేసేవాడు. బేస్ గిటారు పాషాది, స్కూటర్ మెకానిక్కు. డ్రమ్స్ నావి. నేను ఒక మందుల కంపెనీలో ప్యాకింగు సెక్షనులో ఉండేవాణ్ణి.

పటాన్‌చెరు బస్టాండు పక్కన బండి మీద కొన్న సీడీలో పాప్ పంక్ అనేదాన్ని మొదటిసారి విన్నాం. గిటారు మీద మూడే స్వరాల గుత్తులు, ఆగని డ్రమ్ము, ఒకసారి వింటే నోట్లోంచి పోని వరస. సంగీతం నేర్వని మాలాంటివాళ్ళ కోసమే ఎవరో కనిపెట్టినట్టు అనిపించింది. మా వాయింపు వినగానే కాక "ఏందిరా గీ లొల్లి" అనేవాడు. ఇంకో పేరు వెతుక్కునే పని లేకుండా బ్యాండుకు 'లొల్లి' అనే పెట్టుకున్నాం.

పుణెలో ఒక కాలేజీవాళ్ళు బ్యాండ్ల పోటీ పెట్టి, మేము రికార్డు చేసి పంపిన పాట విని పిలిచారు. అదే వారం ముత్తంగి నుంచి లారీల ఆసామి ఒకడు వచ్చి షెడ్డును గోదాముకు అడిగాడు. కాక మమ్మల్ని పిలిచి సంగతి చెప్పాడు.

"ఊరు గాని ఊర్ల జనం మీ పాట ఒక్కటన్న మొదటిసంది ఆఖరి దాక ఇన్నరంటె షెడ్డు మీకే. లేకుంటె గోదాముకిస్త. నేనే వచ్చి సూస్త."

"గింత ఎండల నువ్వెందుకు కాకా?" అన్నాడు శ్రీశైలం.

"మీరు తిరిగొచ్చి అబద్ధం జెప్తె?"

షెడ్డు పోతే బ్యాండు పోయినట్టే. మమ్మల్ని డ్రమ్ములు కొట్టనిచ్చే చోటు కాజీపల్లిలో ఇంకొకటి లేదు. షరతుకు ఒప్పుకున్నాం.

శనివారం పొద్దున ఆరింటికి ఆటోలో పటాన్‌చెరు చేరాం. పుణె బస్సు ఆరున్నరకు హైవే మీద ఆగింది. ఆ దారిన పోదలచినవాళ్ళకు ఒక మాట: పటాన్‌చెరులో ఎక్కితే సీటు దొరకదు, మియాపూర్ దాకా వెనక్కి పోయి ఎక్కడం మేలు. మేము జహీరాబాదు దాకా నిలబడ్డాం. నా డ్రమ్ముల్లో రెండు కొన్నవి, మూడోది నీలం రంగు కెమికల్ డ్రమ్మును సగానికి కోసి నేను చేసుకున్నది. అన్నింటికీ బొంతలు చుట్టి వెనక సీటు కింద తోశాం. కండక్టరు నీలం డ్రమ్మును కాలితో తట్టి చూశాడు.

"నీళ్ళ డ్రమ్ము గూడ మోసుకపోతున్నరు, పుణెల నీళ్ళు లేవా?"

"వాయించేదన్నా అది," అన్నాను.

ఆయన నన్ను, డ్రమ్మును మార్చి మార్చి చూసి లగేజీ టికెట్టు చింపి చేతిలో పెట్టాడు.

జహీరాబాదులో చాయ్ తాగాం. సీట్లు దొరికాయి. కాక పక్కన షోలాపూర్‌లో మగ్గాల పని చేసే పెద్దాయన కూర్చున్నాడు. తాతల కాలంలో కరీంనగర్ దిక్కు నుంచి పోయి స్థిరపడ్డవాళ్ళట, తెలుగు చక్కగా మాట్లాడాడు.

"పిలగాండ్లది పెండ్లి బ్యాండా?" అని కాకను అడిగాడు.

"వీండ్లను పెండ్లికి పిలిస్తె పెండ్లికొడుకు ఉరుకుతడు," అన్నాడు కాక.

పాషా వెనక సీట్లోంచి పగలబడి నవ్వాడు. శ్రీశైలం నవ్వలేదు. వాడు కిటికీలోంచి బయటికి చూస్తూ పెదవులు కదుపుతున్నాడు, పాట మననం చేసుకుంటున్నాడన్నమాట.

మధ్యాహ్నం షోలాపూర్ బస్టాండు ఎదుట జొన్నరొట్టె, పల్లికారం, వంకాయ కూర తిన్నాం. ఆ రొట్టె విషయంలో కాక మా ఇళ్ళ ఆడవాళ్ళందరి కంటే షోలాపూరుకే ఎక్కువ మార్కులు వేశాడు. అక్కడి నుంచి దారి పొడుగునా చెరకు, ద్రాక్ష తోటలు. పొద్దు గుంకే వేళకు పుణెలో దిగాం. బస్టాండు దగ్గరి లాడ్జిలో ఒకటే గది తీసుకున్నాం. మంచం కాకకు, చాపలు మాకు.

ఆదివారం పొద్దున నాస్తాకు పోహా పెట్టారు. "గివి మన అటుకులే గద, పేరు మార్చి అమ్ముతున్నరు," అన్నాడు కాక, అంటూనే రెండో ప్లేటు చెప్పాడు. పదకొండింటికి కాలేజీ మైదానానికి పోయాం. అక్కడి బ్యాండ్లను చూశాం. నల్ల చొక్కాలు, మెరిసే గిటార్లు, అన్నీ ఇంగ్లీషు పాటలే. ఒక్కో బ్యాండుకు పావుగంట, టైము దగ్గరపడితే గంట కొడతామని చెప్పారు. మా ముందు బ్యాండ్లకు బడిగంట లాంటిదే కొట్టారు.

మా వంతు మూడింటికి వచ్చింది. మొదటి రెండు పాటలకు జనం నిలవలేదు. వింటూ వింటూనే లేచి వడాపావ్ బండి దిక్కు నడిచారు. చివరి వరసలో తువ్వాల తలకు చుట్టుకుని కూర్చున్న కాక ఆ పోయేవాళ్ళను ఒక్కొక్కరినే తల తిప్పి చూస్తున్నాడు. ఇక మిగిలింది ఒక్క పాట. మా కాజీపల్లి నీళ్ళ ట్యాంకరు మీద శ్రీశైలం కట్టింది. "ట్యాంకర్ వచ్చిందా?" అని వాడు అడుగుతాడు, "రాలే, రాలే!" అని నేనూ పాషా అరుస్తాం. నీలం డ్రమ్ము మీద దెబ్బ పడగానే పోయేవాళ్ళు కొందరు వెనక్కి తిరిగారు. రెండో చరణానికి ముందు వరసలు నిండాయి. అర్థం తెలియకపోయినా "రాలే" అనడం వాళ్ళకు పట్టుబడింది. ఇంకొక్క చరణం నిలబెడితే షెడ్డు మాదే.

అప్పుడు సైరన్ మోగింది.

నా కర్రలు గాలిలోనే ఆగాయి. పాషా తీగల మీద అరచెయ్యి పరిచేశాడు. శ్రీశైలం సగం మాట దగ్గర నోరు మూశాడు.

సెలవు నాడు పొద్దున వాయించుకునే మాకు మల్లేశం కాక షెడ్డులో నియమం ఒక్కటే. రెండింటి సైరన్ మోగిందంటే వాయింపు ఆగిపోవాలి. మొదటి షిఫ్టు దిగినవాళ్ళు గదులకొచ్చి తిని పడుకునే వేళ అది. తర్వాత ఒక్క దెబ్బ వినిపించినా కాక ఫ్యూజు పీకి జేబులో వేసుకుని పోయేవాడు. మూడేళ్ళు అలా వాయించాక సైరన్‌కు ఆగడం మా మనసు పని కాదు, మా చేతుల పనే అయిపోయింది. అప్పటిదాకా గంట కొట్టిన ఈ పుణె పిల్లలు, అది జనం గోలలో వినబడడం లేదని మా వంతుకు చేత్తో తిప్పే సైరన్ తెచ్చారు. దాని కూత అచ్చం మా కంపెనీదే.

జనంలో నవ్వు లేచింది. కొందరు మళ్ళీ కదిలారు. శ్రీశైలం నా వైపు తిరిగాడు, ముఖంలో నెత్తురు లేదు. జనం విందామనుకున్నా మా పాటను మేమే మధ్యలో ఆపుకున్నాం. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

అంతలో వెనక నుంచి కేక వినిపించింది. కాక కుర్చీ మీద ఎక్కి నిలబడ్డాడు.

"ఓ శ్రీశైలం! గది మన కంపెనీ సైరన్ కాదురా! ఈడ ఎవ్వడు పండుకోలే! కొట్టుండ్రి!"

ఆ మాట మాకు తప్ప ఎవరికీ అర్థం కాలేదు. ధోవతి కట్టుకుని కుర్చీ మీద నిలబడ్డ పెద్దమనిషిని చూడడానికి మాత్రం అందరూ తిరిగారు. శ్రీశైలం మైకు పట్టుకుని, "ట్యాంకర్ వచ్చిందా?" అన్నాడు.

"రాలే!" అన్నాడు కాక, పిడికిలి ఎత్తి.

"రాలే, రాలే!" అంది మైదానం.

నా చేతులు వాటంతటవే డ్రమ్ముల మీద పడ్డాయి. అంత గట్టిగా నేను మళ్ళీ ఎప్పుడూ వాయించలేదు. పాట ఆఖరి దాకా పోయింది, ఒక్కరూ కదల్లేదు.

బహుమతుల్లో మా పేరు చదవలేదు. కానీ నిర్ణేతల్లో ఒకాయన మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చి, ఆ మధ్యలో ముగ్గురూ ఒక్కసారిగా ఆపడం అద్భుతమనీ, దానికి ఎన్నాళ్ళు సాధన చేశారనీ హిందీలో అడిగాడు. పాషా తడుముకోకుండా "తీన్ సాల్", మూడేళ్ళు, అన్నాడు. అబద్ధమేమీ కాదు.

ఆ తర్వాత మేము హైదరాబాదు కాలేజీల్లో, యూనియన్ల వార్షికోత్సవాల్లో, మందు ఎక్కువైన ఒకటి రెండు పెళ్ళిళ్ళలో కూడా వాయించాం. ఒక సీడీ వేసి అదే పటాన్‌చెరు బండి మీద అమ్మించాం. పెళ్ళిళ్ళై, షిఫ్టులు మారి, బ్యాండు మెల్లగా తగ్గిపోయింది. దానికి నాకు దిగులు లేదు.

మళ్ళీ ఆ పుణె సంగతికొస్తే, పోటీ మరునాడు సోమవారం పొద్దున తిరుగు బస్సెక్కాం. ఈసారి అందరికీ సీట్లు దొరికాయి. షోలాపూర్ దాటేదాకా కాక తువ్వాల ముఖం మీద కప్పుకుని పడుకున్నాడు. ఉమర్గా దగ్గర చాయ్ తాగుతుంటే శ్రీశైలమే ధైర్యం చేశాడు.

"షెడ్డు సంగతేంది కాకా?"

"షరతు ఓడిండ్రు. జనం మంచిగనే ఇన్నరు, నడుమల ఆపింది మీరే," అన్నాడు కాక.

శ్రీశైలం గ్లాసు కింద పెట్టేశాడు.

"షెడ్డు గోదాముకిస్త. మా బోరుబాయి కాడ నాలుగు రేకులు ఏపిస్త. కరెంటు ఉన్నది. ఆడికి ఏ కంపెనీ సైరన్ ఇనరాదు, ఆడ పండుకునేటోళ్ళు లేరు. పాట మొదలువెట్టిండ్రంటె ఇగ ముగిసేదాక కొట్టుండ్రి."

పాషా కాకను అమాంతం ఎత్తేశాడు. "దించురా, చాయ్ పారబోస్తివి!" అని తిట్టుకుంటూనే కాక నవ్వాడు. నాకైతే ఏడుపే వచ్చింది. కాజీపల్లి నుంచి ఎవరైనా ఎక్కడికైనా పోయి సొంత పాట పాడి వచ్చారా అని ఇప్పుడు ఎవరడిగినా, పోయాం, పాడాం అని తల ఎత్తుకుని చెప్తాను. చివరి చరణం మాత్రం ముగ్గురం కాదు, నలుగురం పాడాం.