పలయకాట్ అంటే గళ్ళు కాదు, ఊరు

అరవ లెక్కలో మాసి నెల, శుక్రవారం, మసీదులో మధ్యాహ్నం నమాజు ముగిసి జనం చెప్పులు వెతుక్కుంటున్న వేళ. సరిగ్గా అప్పుడే నేను పలయకాట్ అనే ఊళ్ళో కాలు పెట్టాను. ఆ రోజుల్లో గుడియాత్తంలో మా నేతవాళ్ళ వీధిని ఆ చివర నుంచి ఈ చివర దాకా అడిగినా, అది ఊరని చెప్పేవాళ్ళు లేరు. పలయకాట్ అంటే మాకు లుంగీ మీది గళ్ళు, అంతే. పుట్టింట్లో ఆ గళ్ళకే నూలు కండెలు చుట్టాను, అత్తింట్లోనూ వాటికే చుట్టాను. చారలు, పువ్వులు అన్నట్టు అదీ ఒక మాట అనుకున్నాను. (మా వీధిలో తెలుగు మాట్లాడని ఇల్లు లేదు, తెలుగు చదివే ఇల్లూ లేదు. నేను ముసలితనంలో మనవరాలి పలక మీద దిద్దుకున్నాను. తప్పులుంటే దాన్నే అడగండి.)

పెళ్ళయిన ఏడాది మా అత్త ఒక వరమిచ్చింది. "ఒక్క తూరి యాడికన్నా పోయి రాండి. మళ్ళా మగ్గం గుంటలో దిగినారంటే పైకి వచ్చేది లేదు" అంది. ఆమె మాటంటే మాటే. జన్మకు ఒక్క ప్రయాణం. నా మొగుడికి చెన్నపట్నం పోయి ట్రాము ఎక్కాలని పిచ్చి. "ఎద్దు లేదు, గుర్రం లేదు, తనంతట తానే పోతాదంట మే!" అని అన్నం తింటూ కంచంలో చేత్తో నడిపి చూపించేవాడు. నేనూ సరేనన్నాను, మూటమామ వచ్చేదాకా. ఆయన మా మామకు అన్న. లుంగీలు మూటకట్టి చెన్నపట్నంలో అమ్మి వచ్చేవాడు.

"ఆ రద్దీలో ఏముండాది నాయనా? నిలబడితే దుడ్డు, కూచుంటే దుడ్డు. పలయకాట్ పోండి. వలందా దొరలు (హాలెండువాళ్ళను మేమట్లే అనేది) కట్టిన ఊరు. కాలవలో పడవెక్కితే నేరుగా ఆడికే. సత్రంలో పడుకో, చేపలు తిను, అడిగే నాథుడు లేడు."

నా చేతిలో రాట్నం ఆగిపోయింది. "పలయకాట్ ఊరా మామా?"

"ఊరు కాక? అరవంలో పళవేర్కాడు. దొరల నోట్లో నలిగి అట్లయింది."

మా అత్తకు సగమే వినబడింది. అరవంలో వేర్కడలై అంటే వేరుశనగ, కాడు అంటే చేను. "చెనిక్కాయల చేనికి పొయ్యేదానికి రైలెందుకే? మన నెమిలి ఊరి పక్క లేవా?" అంది.

ఎవరేమన్నా నాకు ఒకటే ధ్యాస. మా గళ్ళకు పేరిచ్చిన ఊళ్ళో మగ్గాలు ఎట్లా ఉంటాయో! పట్టు పట్టాను. "మరి నా ట్రాము?" అన్నాడు నా మొగుడు. "పడవుండాది గదా." "పడవా ట్రామూ ఒకటేనా మే?" "రెండూ పోతాయి గదా!" చివరికి ఒప్పుకుంటూ వేలు చూపించాడు: "ఆడ చూసేదానికి ఏమీ లేకపోయిందా, చచ్చేదాకా అంటానే ఉంటా."

చెన్నపట్నం ఇంకొక్క స్టేషను ఉందనగా బేసిన్ బ్రిడ్జిలో దిగి, ఉప్పు దించి తిరిగిపోతున్న పడవ ఎక్కాము. ట్రాము గంట వినబడిందని నా మొగుడు మెడ తిప్పి చూస్తూనే ఉన్నాడు. మరునాడు పొద్దున గాలి పడిపోయింది. పడవ నడిపే ఉప్పుతాత తాడు విసిరి, "ఏమప్పా కొత్త మాపిళ్ళా, ఊరికే కూచోనుండావే? దిగి లాగు" అన్నాడు (మాపిళ్ళంటే అరవంలో అల్లుడు). తాత కొడుకుతో కలిసి గట్టు మీద వంగి లాగుతూ, "ఇదో మే, నీ ట్రాముకు ఎద్దు దొరికినాడు!" అని అరిచాడు నా మొగుడు. నేను నవ్వితే పడవ ఊగింది.

ఊరు చూశాము. పడిపోయిన కోట మీద ముళ్ళకంప. వలందావాళ్ళ గోరీల దగ్గర రాతిలో చెక్కిన ఎముకల మనిషి, నూలు దొరకని నేతగాడిలా తల మీద చెయ్యి పెట్టుకుని. ఎంత నిశ్శబ్దమంటే, ఎక్కడ మగ్గం ఆడినా వినబడాలి. వినబడలేదు. బట్టల అంగడి బాయిని (సాయిబును అక్కడ అట్లే అనేది) అడిగాను.

"మగ్గాలా? మా తాత నాడు ఉండెనంట. ఇప్పుడు వలలు అల్లేవాళ్ళే తల్లీ. అసలైన పలయకాట్ కావాలంటే ఇదో, గుడియాత్తం సరుకు! ఇట్లాంటిది ఈడ ఎవరూ నెయ్యలేరు."

ఆ లుంగీ ముక్కు దగ్గర పెట్టుకుంటే మా వీధి గంజి వాసన. తల ఎత్తలేకపోయాను, ఇక నా మొగుడు దెప్పడం మొదలుపెడతాడు అనుకున్నాను. ఆయన అంగడి మెట్టు మీద కూలబడి కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. "ఒకటియ్యి బాయ్. మనం నేసేదే గానీ కట్టింది యాడ?" అన్నాడు. (నిజమే. మా ఇంట్లో మగవాళ్ళందరూ పాత పంచెలే కట్టేవాళ్ళు.)

చచ్చేదాకా అంటానన్నవాడు ఒక్కనాడూ అనలేదు. చెన్నపట్నం చూసినావా అని ఎవరడిగినా, "నేను పలయకాట్ చూసినా" అనేవాడు. వాళ్ళు ఆయన నడుము వైపు చూసి, "మేమూ చూస్తానే ఉండాం" అనేవాళ్ళు. ట్రాములు ఆయనకంటే ముందే నిలిచిపోయాయి, ఎక్కనే లేదు. ఇప్పుడడిగినా నేను ఆ ఊరే పోదామంటాను. ఆనాడు పట్టు పట్టిన నన్ను, ఆ మొండిపిల్లను తలుచుకుంటే చెంపదెబ్బ వెయ్యాలనీ ఉంటుంది, వెనకేసుకు రావాలనీ ఉంటుంది.

ఆ రోజు అక్కడున్నవాళ్ళు: ఉప్పుతాత, తాడు పట్టిన ఆయన కొడుకు, అంగడి బాయి, నా మొగుడు, నేను. ఇంకా బతికి ఉన్నదాన్ని నేనే కాబట్టి నన్ను చివర రాసుకున్నాను.