ముక్కుపిన్ని ముందే చెప్పిన తీపి ఉల్లి సంగతి

మూతి కుట్టిన బస్తా పక్కనుంచి నడిచిపోతూనే, లోపల ఎక్కడో ఒక పాయ కుళ్ళిందని చెప్పేసేది కాబట్టి మార్కెట్లో అందరూ ఆమెను ముక్కుపిన్ని అనేవారు. ఇరవై ఆరేళ్ళుగా అన్నగారి గోడౌన్లో ఉల్లిపాయలు ఏరే పని ఆమెదే. భర్త చనిపోయిన ఏడాది, "నా చెల్లెలు నాకు బరువా?" అని నలుగురి ముందూ అని తెచ్చుకున్నాడు అన్న. బరువులన్నీ ఆమె చేతే మోయించాడు, అది వేరే సంగతి.

అన్న పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. ఒక వానాకాలం ఎవరో ఏజెంటు చేతిలో పెట్టిన రంగుల కాగితం చదివి, లారీడు తీపి ఉల్లి దింపించాడు. "యాపిల్‌లా కొరుక్కు తినొచ్చట. సి విటమిను, పీచు, అన్నీ ఉన్నాయి. ఒట్టి పంచదారే అనుకో," అన్నాడు, తానే పండించినట్టు.

ఆమె ఒక పాయ కోసింది. కంట్లో చుక్క నీరు రాలేదు. ముక్క నమిలి చూసింది.

"తీపి ఎక్కువై కాదన్నయ్యా, ఘాటు తక్కువై ఇలా ఉంది. పచ్చిగా తింటే బాగుంటుంది. ఉడికిస్తే ఆ విటమిను కొంత పోతుంది. పొట్టు పల్చన, ఒంటినిండా నీళ్ళు. ఎక్కువ రోజులు ఆగవు. బస్తాల్లో కుక్కకుండా గాలి తగిలేలా పరిపించు. బంగాళాదుంపల దగ్గర అసలు పెట్టకు, వాటి చెమ్మకి కుళ్ళిపోతాయి."

"నేను ఉల్లి అమ్మడం మొదలుపెట్టేనాటికి నీకు జడేసుకోవడం రాదు."

చెప్పిన మహానుభావుడు బంగాళాదుంపల బస్తాలకే ఆనించి, పది వరసల ఎత్తు పేర్పించాడు. ఘాటు ఉల్లి నెలల తరబడి ఉన్నప్పుడు దీనికేం రోగమట.

రోగం పద్దెనిమిదో రోజున కిందిబస్తాల్లోంచి కారింది. సరిగ్గా అప్పుడే, ఎప్పుడూ వాళ్ళ దగ్గరే ఉల్లి కొనే హోటలాయన సరుకు చూడ్డానికి వచ్చాడు. బస్తా మీద చెయ్యి వేస్తే వేలు లోపలికి దిగబడింది.

"మా చెల్లెలు సరిగ్గా ఏరలేదండీ. వయసు మీదపడి ముక్కు మొద్దుబారింది," అన్నాడు అన్న. ఆడలేక మద్దెల ఓడన్న రకం.

ఆమె గొంతు పెంచలేదు. "రేపట్నుంచి నువ్వే వాసన చూసుకో," అని చేతులు కడుక్కుని బయటికి నడిచింది. వీధి మలుపులో హోటలాయన అందుకున్నాడు.

"పిన్నీ, పైవరసల్లో బాగున్నవి కొంటాను. ఏరిపెడతావా?"

"మీ వరండాలో అయితే ఏరతాను."

ఆ వరండాలోనే ఉండిపోయింది. పాత నైలాను మేజోళ్ళలో పాయకో ముడి వేసి, ఒకదానికొకటి తగలకుండా దూలానికి వేలాడదీసింది. పల్చటి చక్రాలు తరిగి, ఉప్పూ నిమ్మరసమూ చల్లి పళ్ళేల్లో పంపేది. తరిగినవి మిగిలితే మూతడబ్బాలో, ఫ్రిజ్‌లో. వడ్డించేవాళ్ళు రెండోసారి అడిగి తీసుకెళ్ళేవారు.

రెండు వారాలకు అన్న వచ్చాడు. "మీ వదిన నిన్ను రమ్మంటోంది."

"వదిన రమ్మందా, బస్తాలు రమ్మన్నాయా?"

 ఆమె తరుగుతున్న చెయ్యి ఆగలేదు. లోపల జాలి కోసం వెతుక్కుంది, దొరకలేదు. అందుకు కొంచెం ఆశ్చర్యపోయింది కూడా.

గోడౌన్లో మిగిలిన సరుకంతా ఎరువు గుంటలోకి పోయింది. ఇప్పుడు ఎవరైనా చెల్లెలి సంగతి అడిగితే, హోటల్లో ఆ పని తానే మాట్లాడి పెట్టించానని చెప్తాడు అన్న.