బంక లేని కన్నీళ్లు

పెడన కొండలరావు పదకొండేళ్లపాటు కంటి రెప్ప వేయలేదు. నమ్మకపోతే మానేయండి. నిద్రలో కూడా కళ్లు తెరిచే ఉండేవని, ఆ కళ్లలో ఫ్యాను తిరగడం కనిపించేదని, ఒకసారి సాలెపురుగొకటి పై రెప్పకీ కింద రెప్పకీ మధ్య గూడు మొదలుపెట్టిందని ఊరంతా చెప్పుకుంది. బందరు బస్టాండులో టీ కొట్టు దగ్గర కూడా చెప్పుకున్నారు. అంత దూరం వెళ్లిన మాట అబద్ధమెలా అవుతుంది?

కొండలరావుది కలంకారీ అచ్చు పని. జనార్దనరావు గారి షెడ్డులో పొడవాటి బల్ల, దాని మీద కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెట్టిన గుడ్డ, పక్కన రంగు తొట్టి, చేతిలో చెక్క అచ్చు. ఆ షెడ్డులో మొదటి అచ్చు వేసేవాడే మొనగాడు. పువ్వుకీ తీగకీ చుట్టుగీత అతనే వేస్తాడు. మిగిలినవాళ్లు ఆ గీతల్లో రంగులు నింపుకుంటూ వస్తారు. గీత వెంట్రుకవాసి జరిగిందంటే చిలక ముక్కు వెళ్లి పక్క పువ్వులో ఇరుక్కుంటుంది. కొండలరావు గీత ఇరవై ఎనిమిదేళ్లలో ఎప్పుడూ జరగలేదు. కిందటి అచ్చు అంచు ఎక్కడ ముగిసిందో అక్కడే చూపు గుచ్చి, ఊపిరి బిగబట్టి, అచ్చు పెట్టి, పిడికిలితో రెండు గుద్దులు గుద్దేవాడు. ఆ కాసేపట్లో అతని ముందు టపాకాయ పేల్చినా రెప్ప కదిలేది కాదు. కుర్రకారు పందెం కట్టి మరీ చూశారు.

అలాంటి కళ్లు యాభై రెండో ఏట ఎదురు తిరిగాయి.

మొదట మంట. ఎవరో మంగినపూడి సముద్రం ఒడ్డు ఇసుక గుప్పెడు తెచ్చి రెప్పల కింద పోసినట్టుండేది. పొద్దున లేస్తే రెప్పలు పుసులతో అతుక్కుపోయి, తడి చేసి ఊడదీసుకోవాల్సి వచ్చేది. వేలికి అంటిన ఆ పసుపుపచ్చ పెచ్చుల్ని కొండలరావు చూడకుండానే కడిగేసుకునేవాడు. ఇంట్లో ఎవరికైనా కళ్లకలక వస్తే ఆ వీధి చివరి దాకా దూరం జరిగే మనిషి. ఇప్పుడు తన మొహం నుంచి తను ఎక్కడికి జరుగుతాడు? అద్దం చూడటం మానేశాడు. గడ్డం గీయించుకోవడానికి వెళ్లినా కళ్లు మూసుకునే కూర్చునేవాడు.

ఆ తర్వాత నీళ్లు మొదలయ్యాయి. గాలి తగిలితే ధార, పొగ తగిలితే ధార, ఊరికే కూర్చున్నా ధార. షెడ్డుకి వచ్చిన ప్రతివాడూ ఆగి, గొంతు తగ్గించి, "ఏం కష్టం వచ్చిందండీ?" అని అడిగేవాడు. ఏ కష్టమూ లేదంటే ఇంకా జాలిపడేవాడు. ఆ జాలి కొండలరావుకి పుసుల కన్నా అసహ్యం.

ఒకరోజు నల్ల గీత వేస్తుండగా టప్‌మని ఒక చుక్క గుడ్డ మీద పడింది. ఇనప తుక్కు, బెల్లం కుండలో ఊరబెట్టి చేసే నలుపు అది. ముక్కు మూసుకోకుండా ఎవరూ కుండ మూత తీయరు. ఆ తడి రంగు మీద కన్నీటి చుక్క పడేసరికి నెమలి కంఠం కాస్తా పాకిపోయి తొండలా తయారైంది.

"బావా, నెమలికి గవదబిళ్లలొచ్చాయి," అన్నాడు పక్క బల్ల పెద్దిరాజు. రంగులు నింపే మనిషి. మొదటి అచ్చు బల్ల మీద అతనికి పదేళ్లుగా కన్నుంది.

"నోరు ముయ్యి."

"నేను మూస్తాను గానీ, నువ్వు ఆ పంపు కట్టెయ్ ముందు."

వారంలో మూడు గుడ్డలు పోయాయి. జనార్దనరావు గారు మంచివారే. కానీ షెడ్డు నడిపేవాడు గుడ్డను చూసి మాట్లాడతాడు, మనిషిని చూసి కాదు.

"కొండలూ, ఉగాది వెళ్లాక దుప్పట్ల లాటు ఉంది. అది ఎర్ర గీత. ఒక్క చుక్క పడినా ఉడకబెట్టేదాకా తెలీదు, తెలిశాక చేసేదేం లేదు. ఈలోగా కళ్లు బాగు చేయించుకో. లేదంటే బల్ల పెద్దిరాజుకిస్తా, నువ్వు కాగు చూసుకుందువుగాని."

కాగు అంటే గుడ్డలు ఉడకబెట్టే పెద్ద రాగి పాత్ర. కింద కట్టెల మంట, పైన ఆవిరి, చుట్టూ పొగ. మంచి కళ్లున్నవాడే అక్కడ సాయంత్రానికి ఎర్రబడి వస్తాడు. కొండలరావు బల్ల అంచు పట్టుకున్నాడు. ఇరవై ఎనిమిదేళ్లుగా అతని బొటనవేలు ఆనిన చోట బల్ల కర్ర నునుపు తేలి ఉంది.

ఇక వైద్యాలు. ఊళ్లో ప్రతి ఇంట్లోనూ ఒక కంటి వైద్యుడు బయల్దేరాడు. ఒకరు నందివర్ధనం పూల నీళ్లన్నారు, ఒకరు ఆముదం అన్నారు. ఎదురింటావిడ బాలింత కూతురి దగ్గర చనుబాలు గిన్నెలో పట్టించుకు వచ్చి, వద్దనేలోపే కంట్లో పోసేసింది. సాయంత్రానికి అది పులిసింది. కొండలరావు మొహం చుట్టూ ఈగలు తిరిగాయి. పిల్లి ఒకటి వెంటపడి షెడ్డు దాకా వచ్చిందని పెద్దిరాజు అంటాడు గానీ పిల్లి మాట కొంచెం అనుమానమే.

"దివిసీమలో నాలుకమ్మ ఉంది బావా, కంట్లో నలక నాలుకతో తీసేస్తుంది. మా అత్త కంట్లోంచి గులకరాయి తీసింది," అన్నాడు ఆ పెద్దిరాజే.

బల్ల కోసం కొండలరావు ఆ పని కూడా చేశాడు. చల్లపల్లిలో బస్సు మారి, అవనిగడ్డ దాటి, ఆటోలో మరో గంట వెళ్లి, ఒక తాటాకు పందిరి కింద వరసలో కూర్చున్నాడు. ముందున్న పదిమంది కళ్లనూ ఆవిడ వరసగా నాకింది. మధ్యలో చుట్ట రెండు దమ్ములు లాగి, ఉమ్మేసి, మళ్లీ నాకింది. పది జతల కళ్ల నీరూ, పుసీ, ఆ చుట్ట పసరూ కలిసిన నాలుక తన వైపు వస్తుంటే కొండలరావుకి చల్లపల్లిలో తిన్నదంతా గొంతులోకి వచ్చింది. అయినా రెప్ప వేయలేదు. అలవాటు అలాంటిది.

ఆవిడ తుపుక్కున అరచేతిలో ఉమ్మి చూపించింది. అందులో ఒక వడ్ల ఊక.

"ఇదయ్యా నీ జబ్బు."

"నేను వరి చేలోకి వెళ్లి ఇరవై ఏళ్లయిందమ్మా."

"ఇరవై ఏళ్ల కిందటిదే ఇది."

కొండలరావు లేచి కాలవ గట్టు మీద కూర్చుని, కడుపు ఖాళీ అయ్యేదాకా వాంతి చేసుకున్నాడు. మూడో రోజుకి కుడి కన్ను టమోటా అయింది.

అప్పుడు అతని భార్య భాగ్యలక్ష్మి కొంగు బిగించింది. షెడ్డులో రంగులు కలిపేది ఆవిడే. మాట తక్కువ, కొలత ఎక్కువ. "మీరు అడ్డమైనవాళ్ల చేతా నాకించుకున్నది చాలు, పదండి," అని పాసింజరు బండి ఎక్కించి గుడివాడ తీసుకెళ్లింది. అక్కడ కంటి డాక్టరు జెనిఫర్ గారు. చిన్న వయసు, ఓపికైన మనిషి. కుడి కన్ను పుండుకి మందు రాసిచ్చి, అది మానాక పది రోజులకి మళ్లీ రమ్మంది. రెండోసారి రెండు కళ్ల కింది రెప్పలకీ సన్నటి కాగితం ముక్కలు తగిలించి ఐదు నిమిషాలు కూర్చోబెట్టింది. ధర చీటీ అంటించిన దుప్పటిలా కూర్చున్నాడు కొండలరావు.

"మీవి పొడి కళ్లండీ," అంది కాగితాలు చూసి.

కొండలరావు భార్య వైపు తిరిగాడు. "విన్నావా? ధారలు కడుతుంటే పొడి అంట. నాలుకమ్మే నయం, ఊకైనా చూపించింది." లేచాడు.

"కూర్చోండి," అంది భాగ్యలక్ష్మి.

"కన్ను ఎండి మండితేనే అన్ని నీళ్లు వస్తాయండీ," అంది డాక్టరమ్మ. "వచ్చినవి కంటి మీద నిలబడవు. జారిపోతాయి. మళ్లీ ఎండుతుంది."

"అవేం మాటలు మేడం? నీళ్లు నీళ్లే కదా."

ఆవిడ వాదించలేదు. పచ్చటి రంగు ఒక్క బొట్టు కంట్లో వేసి, నీలం దీపం పెట్టి, కన్ను తెరిచి ఉంచమంది. ఆ విద్యలో తనను మించినవాడు లేడు గనక కొండలరావు దర్జాగా తెరిచి కూర్చున్నాడు. తర్వాత తీసిన వీడియో తెర మీద చూపించింది. తాటికాయంత కన్ను. దాని మీద పచ్చ రంగు నున్నగా పరుచుకుంది. ఒకటి, రెండు, మూడు అనేలోపు ఆ పచ్చదనం అక్కడక్కడ విరిగి, నల్లటి మచ్చలు తేలి, గుడ్డ చిరిగినట్టు విడిపోయి కిందికి జారిపోయింది.

కొండలరావు ముందుకి వంగాడు. ఎవరి కన్నో, ఏం జబ్బో మర్చిపోయాడు. రంగు కలపడం చేతకాని కొత్త పనివాణ్ణి చూసినట్టు మూతి తిప్పాడు.

"ఎవడు కలిపాడండీ ఈ రంగు? బంకేది ఇందులో?"

భార్య వైపు చూశాడు. షెడ్డులో ఏ రంగులోనైనా తుమ్మ బంక పడాల్సిందే. బంక తగ్గితే రంగు గుడ్డ మీద నిలవదు, పాకిపోతుంది. ఆ కొలత భాగ్యలక్ష్మిది.

"నన్ను చూస్తారేంటి?" అంది ఆవిడ. "మీ కళ్లలో కూడా నేనే కలపాలా?"

డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేదు. "సరిగ్గా అదేనండీ. మీ నీళ్లలో బంక లేదు, నూనె లేదు. ఆ నూనె రెప్పల అంచుల్లోంచి రావాలి. ఆ దారులు మూసుకుపోయాయి. పైగా మీరు రెప్ప వేసే తీరు కూడా బాగాలేదు." అని పుల్లతో రెప్ప అంచు నొక్కింది. టూత్‌పేస్టు లాంటి తెల్లటి ముద్ద సన్నగా బయటికి రావడం తెర మీద కనిపించింది.

"ఛీ! ఏంటది?"

"మీ నూనేనండీ. గడ్డకట్టింది."

కొండలరావు కుర్చీ వెనక్కి జరిపాడు. ఇన్నాళ్లూ అది కళ్లకి పెట్టుకుని ఊళ్లో మొనగాడిలా తిరిగాడా?

వైద్యం ఏ మహత్తూ లేనిది. పొద్దునా సాయంత్రం వెచ్చటి కాపడం, ఆ తర్వాత రెప్పలు వత్తడం, అంచులు శుభ్రం చేయడం, రోజుకి ఆరుసార్లు చుక్కలు. పొగకీ ఫ్యానుకీ ఎదురుగా నిలబడకూడదు. రెప్ప పూర్తిగా మూసి, ఒకటి రెండు అనుకుని, తెరవాలి. పూర్తిగా పోదు, అదుపులో ఉంటుంది, మానకూడదు.

"ఎన్నాళ్లు మేడం?"

"అన్నం ఎన్నాళ్లు తింటారు?"

మొదటి రోజే ఒక ఘనకార్యం జరిగింది. కాపడానికి గుడ్డ కావాలని భాగ్యలక్ష్మి చేతికందిన ముక్క ఇచ్చేసింది. అది నల్ల గీత వేసి ఇంకా ఉతకని ముక్క. వేడి తడి తగిలి, మిగిలిన రంగంతా రెప్పల చుట్టూ దిగింది. మర్నాడు కొండలరావు షెడ్డుకి రెండు కళ్ల చుట్టూ రెండు పళ్లేల్లాంటి నల్లటి వలయాలతో వచ్చాడు.

పెద్దిరాజు అచ్చు కింద పెట్టేశాడు. "బావా, అక్క కొట్టిందా?"

"పని చూసుకో."

"రెండు కళ్లూ ఒకే కొలతలో కొట్టింది. పనిమంతురాలు!"

ఆ రోజు నుంచి తెల్ల గుడ్డే. రోజూ పొద్దున రెప్పలు వత్తుకోవడం, ఆ జిడ్డు తుడుచుకోవడం, కొండలరావు ప్రతిసారీ "ఛీ" అనుకుంటూనే చేశాడు. మూడు వారాలకి పుసులు తగ్గాయి. ఇసుక తగ్గింది. నీళ్లు మాత్రం అప్పుడప్పుడూ ఉబికేవి. ఉగాది వచ్చింది, వెళ్లింది, దుప్పట్ల లాటు బల్ల మీదికి వచ్చింది.

రెప్ప వాల్చకూడదన్న పట్టుదల ఒకవైపు, పూర్తిగా మూయమన్న డాక్టరమ్మ ఒకవైపు. రెండురోజులు తంటాలు పడి కొండలరావు దారి కనిపెట్టాడు. చూసి అచ్చు పెట్టేదాకా కళ్లు తెరిచి ఉండాలి. పెట్టాక గుద్దడానికి చూపుతో పనేముంది? అచ్చు అప్పటికే కూర్చుంది కదా. పెట్టు, మూయి, రెండు గుద్దులు, తెరువు. ప్రతి గుద్దుకీ కళ్లు గట్టిగా మూసుకునే మొదటి అచ్చు మనిషిని చూసి షెడ్డంతా విరగబడి నవ్వింది.

"నీ గుద్దుకి నువ్వే భయపడుతున్నావేంటి బావా?"

"నీ మొహం కనపడకుండా నాలుగు క్షణాలు దొరుకుతున్నాయిరా. వదులుకుంటానా?"

గుడ్డలు కాలవలో జాడించి కాగులో వేసిన రోజు కొండలరావు దూరంగా గోడ వారన నిలబడ్డాడు. పటిక నీళ్లతో వేసిన గీత కాగులోని రంగు నీళ్లలో ఉడికితేనే ఎర్రగా తేలుతుంది. చుక్క పడి ఉంటే అదీ అప్పుడే తేలుతుంది. జనార్దనరావు గారు కర్రతో ఒక్కో దుప్పటీ పైకెత్తి, నీళ్లు కారనిచ్చి, అటూ ఇటూ తిప్పి చూశారు. ఎర్రటి తీగలు ఎక్కడికక్కడ ఆగి ఉన్నాయి. చివరి నుంచి రెండో దుప్పటి మూలన, ఒక పువ్వు కాస్త ఉబ్బి ఉంది. ఆయన దాన్ని చాలాసేపు చూశారు. పెద్దిరాజు కూడా మెడ చాచి చూశాడు.

"ఇది మొదటిరోజుదా?"

"మొదటిరోజు పొద్దుటిదండీ," అన్నాడు కొండలరావు.

"ఈ మూల కోసి దిండు గలీబు కుట్టిస్తాలే. తర్వాతి లాటు బుధవారం వస్తుంది, బల్ల తుడిచి ఉంచు," అని ఆయన వెళ్లిపోయారు.

కొండలరావు జేబులోంచి చుక్కల సీసా తీసి, తల వెనక్కి వాల్చి, రెండు కళ్లలోనూ వేసుకుని, మొహం చిట్లించి "ఛీ" అన్నాడు.

ఇప్పుడు షెడ్డు చూడ్డానికి బెజవాడ నుంచి ఎవరొచ్చినా పెద్దిరాజు మొదట ఆ బల్ల దగ్గరికే తీసుకెళ్తాడు. "ఈయన పదకొండేళ్లు రెప్ప వేయలేదండీ" అని మొదలుపెట్టి, సాలెపురుగు దగ్గరికి వచ్చేసరికి వాళ్లు ఫోన్లు తీసి కొండలరావు కళ్లను ఫోటోలు తీస్తారు. అచ్చు పెట్టి, కళ్లు మూసి, రెండు గుద్దులు గుద్ది, తెరిచి, తల ఎత్తకుండానే అంటాడు అతను:

"రెప్ప వేసేవాణ్ణేనండీ. సగం దాకా వేసి ఆపేసేవాణ్ణి. ఇప్పుడు మొత్తం మూస్తున్నా, అంతే."