ఒక్క సాక్షి చాలంటే

గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి, అమెరికా వచ్చి, ఆపరేషన్లకి మత్తుమందు ఇస్తూ జీవితమంతా గడిపిన డాక్టరు చంద్రిక. రిటైరై అల్ఫారెట్టా అనే ఊళ్లో స్థిరపడ్డాక ఆవిడకి కరువైంది ఒక్కటే, గట్టిగా వాదించే మనిషి.

పక్కింటి లియోన్ ఫెల్డ్‌మన్‌దీ అదే బాధ. ఆయన రిటైరైన లాయరు, యూదుడు. వాళ్ల ధర్మశాస్త్రం ఒంటరిగా చదివేది కాదట. ఎదురుగా కూర్చుని కాదనేవాళ్లు ఉండాలట. ఏళ్ల తరబడి అలా కూర్చున్న భార్య పోయింది.

"నాతో చదవండి," అంది చంద్రిక, ఒకరోజు కంచె దగ్గర.

ఆయన తటపటాయించాడు. "బయటివాళ్లకి అన్నీ నేర్పకూడదంటారు మా పెద్దలు. యూదులు కానివాళ్లకి వర్తించే చట్టమైతే నేర్పొచ్చు."

"ఇంకేం, నా చట్టమే చెప్పండి."

అలా 2010లో ఆదివారం చదువులు మొదలయ్యాయి. వాళ్ల తిండి నియమాల ప్రకారం బయటి గిన్నెలు పనికిరావని, ఆయన కాఫీ కప్పు ఆయనే తెచ్చుకునేవాడు. దొంగతనం, హత్య, అన్నీ సాఫీగానే నడిచాయి. మరణశిక్ష దగ్గరికొచ్చేసరికి చిక్కొచ్చింది. యూదుడికి ఆ శిక్ష వెయ్యాలంటే ఇరవైముగ్గురు న్యాయమూర్తులు, ఇద్దరు సాక్షులు, నేరం చెయ్యబోయేముందే హెచ్చరిక ఉండాలి. యూదుడు కానివాడికి ఒక్క న్యాయమూర్తి, ఒక్క సాక్షి చాలు. హెచ్చరిక అక్కర్లేదు. ఆడవాళ్ల సాక్ష్యం మాత్రం చెల్లదు.

చంద్రిక కళ్లజోడు తీసేసింది. "అంటే మీ ప్రాణానికి ఇరవైముగ్గురు కూర్చోవాలి. నా ప్రాణానికి ఒక్కడు చాలా?"

లియోన్ మొహం ఎర్రబడింది. "డెబ్భై ఏళ్లకి ఒక్కణ్ణి చంపినా అది నెత్తుటి కోర్టే అన్న పెద్దలున్నారు మాకు."

"అది మీవాణ్ణి చంపితే కదా?"

ఆయన ఆ పేజీలో వేలుంచి పుస్తకం మూశాడు. "దీన్ని అమలు చేసే కోర్టు ఇప్పుడెక్కడా లేదు. అయినా అది జవాబు కాదు. నాకే నచ్చే జవాబు నా దగ్గర లేదండీ."

ఆ మాటకి ఆవిడ ఆయన్ని క్షమించింది. పుస్తకాన్ని క్షమించలేదు.

ఆ వేసవిలో చంద్రికకి జ్యూరీ డ్యూటీకి, అంటే తీర్పు చెప్పే మామూలు పౌరుల్లో ఒకరిగా కూర్చోడానికి, కోర్టు నుంచి పిలుపొచ్చింది. గ్యాస్ స్టేషన్‌లో పనిచేసే కుర్రాణ్ణి కాల్చి చంపిన కేసు. ప్రాసిక్యూటర్ మరణశిక్ష కోరుతున్నాడు. జ్యూరీని ఎంచుకుంటూ చంద్రికని అడిగాడు: "చూసినవాడు ఒక్కడే. మన చట్టం ప్రకారం నమ్మదగ్గ సాక్షి ఒక్కడైనా చాలు. మీకు అభ్యంతరమా?"

ఆవిడకి చెంప ఛెళ్లుమన్నట్టయింది. ఇన్నాళ్లూ పక్కింటాయన పుస్తకం మీద విరుచుకుపడింది. తను పౌరసత్వం తీసుకుంటూ చెయ్యెత్తి ప్రమాణం చేసిన దేశంలోనూ మాట అదే!

"జైల్లో పెట్టడానికి చాలేమో," అంది. "చంపడానికి నాకు చాలదు."

"చట్టం చాలంటున్నా?" అన్నాడు జడ్జి.

"చాలదండీ."

జడ్జి థాంక్స్ చెప్పి, జ్యూరీలోకి తీసుకోకుండా పంపించేశాడు. వరండాలో కొడుకు ఫొటో ఒళ్లో పెట్టుకుని, చనిపోయిన కుర్రాడి తల్లి కూర్చుని ఉంది. చంద్రిక తలెత్తలేకపోయింది.

"నేను చేసింది రైటేనా?" అనడిగింది ఆ సాయంత్రం లియోన్‌ని.

"ఆ తల్లి ముందు నిలబడి రైటని నేను చెప్పలేను," అన్నాడాయన. "నేనైనా అదే చేసేవాణ్ణి."

నేరం రుజువైంది కానీ, మరణశిక్షకి జ్యూరీలో అందరూ ఒప్పుకోవాలి; అక్కడ వాళ్లు ఏకం కాలేదు. ముద్దాయికి యావజ్జీవం పడింది. ఆ కబురు విన్నాక చంద్రికకి సంతోషమూ కలగలేదు, మనసూ తేలికపడలేదు. మళ్లీ ఆదివారం లియోన్ పుస్తకం పట్టుకొచ్చి, ఎక్కణ్ణుంచి మొదలుపెడదామన్నాడు.

"ఆ పేజీ నుంచే," అంది. "నా కోపం ఇంకా తగ్గలేదు."