యాదగిరి సార్ డాంగిల్

2024 వానాకాలంలో కొండాపూర్ దగ్గర ఒక మున్సిపల్ ఆఫీసుకు నన్ను ట్రైనర్‌గా పంపారు. కిటికీలోంచి చూస్తే రాయదుర్గం అద్దాల టవర్లు, లోపల ఇనుప బీరువాలు. సిబ్బందికి ఆన్‌లైన్ ఫైళ్లు నడపడం, పనిమీద వచ్చినవాళ్లతో మర్యాదగా మాట్లాడటం నేర్పాలి. నలుగురి ముందు నోరు పెగలని నాకు ఈ పని ఎలా అప్పగించారో!

హాలు మూలన ఒక కుర్చీ ఎప్పుడూ ఖాళీగా ఉండేది. ముందున్న కంప్యూటర్‌కు డాంగిల్ పెట్టి ఉండేది. పెన్‌డ్రైవ్‌లాంటి ఆ పరికరమే అధికారి డిజిటల్ సంతకం. ఎవరిది వాళ్ల దగ్గరే ఉండాలి. జూనియర్ అసిస్టెంట్ రజిత మధ్యమధ్య వెళ్లి, నిలబడే ఏదో నొక్కేది. డాంగిల్‌లో నీలి లైటు వెలిగి ఆరేది. ఆ కుర్చీలో మాత్రం కూర్చునేది కాదు. ఎవరిదని అడిగితే యాదగిరి సార్‌దని చెప్పి తల తిప్పుకుంది. సెలవులో ఉన్నారేమో అనుకున్నాను.

ఆ వారంలోనే ఆయన భార్య అంజమ్మ వచ్చింది. నా ముందు ఒక డెత్ సర్టిఫికెట్ పెట్టింది. చనిపోయిన వ్యక్తి పేరు యాదగిరి. కింద సంతకం కూడా యాదగిరిదే.

"మా ఆయన సచ్చిపోయిండని మా ఆయనే సంతకం వెట్టిండంట బిడ్డా. పింఛనోళ్లు నవ్వి వాపస్ పంపిండ్రు," అంది. పింఛను రాకపోతే కిరాయి ఇల్లు ఖాళీ చేయాలట. తర్వాత ఆ కుర్చీనే చూస్తూ గొంతు తగ్గించింది. "నాకైతే నవ్వు రాలే. ఆయన ఈడ్నే ఉన్నడా?"

అప్పుడే మూలన నీలి లైటు వెలిగింది. రజిత గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది.

పక్కకు పిలిచి అడిగితే చెప్పింది. సార్ పోయాక ఆయన పని తనకే ఇచ్చారట. తన పేరు మీద కొత్త డాంగిల్ ఎప్పుడో వచ్చిందట, డ్రాయర్లోనే ఉందట. "నా సంతకమైతే రేపు తప్పొస్తే నన్నే అడుగుతరు మేడమ్. సార్‌ను ఎవరడుగుతరు?"

నేను వెళ్లి ఆ డాంగిల్ ఊడదీశాను. చేతికి వెచ్చగా తగిలింది, అప్పటిదాకా ఎవరో గుప్పిట్లో పట్టుకున్నట్టు. సూపరింటెండెంట్‌కు ఇచ్చి రద్దు చేయించమన్నాను. యాదగిరి సార్ పోయాక ఆయన పేరుతో వెళ్లిన సర్టిఫికెట్లన్నీ మళ్లీ చూసి ఇవ్వాలన్నాను. నలుగురూ వింటుండగానే చెప్పాను.

రజిత, యాదగిరి సార్ ఆసుపత్రి కాగితాలన్నీ మొదటినుంచీ చదివి, సొంత సీట్లో కూర్చుని, తన డాంగిల్‌తో కొత్త సర్టిఫికెట్‌కు సంతకం పెట్టింది. కింద పేరేందో చదవమంది అంజమ్మ.

"రజిత. నేనే అమ్మా."

అంజమ్మ సర్టిఫికెట్ మడిచి కొంగులో పెట్టుకుంది. ఖాళీ కుర్చీ దగ్గరకు వెళ్లి, దాని వీపు మీద చెయ్యి వేసి, మెల్లగా అంది: "ఇగ ఇంటికి పోదాం పా."

ఇప్పుడు ఏ ఆఫీసుకు వెళ్లినా స్లైడ్లు తెరిచే ముందు ఖాళీ కుర్చీల వైపు చూస్తాను. సాఫ్ట్‌వేర్ తర్వాత నేర్పొచ్చు. చేసిన పని కింద తన పేరు పెట్టుకోవడమే నా మొదటి పాఠం.